విరిగిన ఎముక, దాచిన కాగితం

(హొసకోటె విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. వకీలునూ కాను, డాక్టరునూ కాను. చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఏ కాగితం చదవాలో చెప్పి ముగిస్తాను.

మన చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. నేను పింఛను కౌంటరులో కూర్చున్న రోజుల్లో అలాంటి ఒకాయన ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కుంటుతూ వచ్చేవారు. ఆయన పింఛను ఉత్తర్వులో సర్వీసు పింఛను ఒక్కటే ఉండేది. వైకల్య పింఛను అనే పద్దు లేదు. ఏటేటా ఆయన సంతకం సరిచూశాను, కుంటి నడక కూడా చూశాను. రెండూ కలిపి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తప్పు నాది.

2010లో అడిగాను, "కాలికేమయిందన్నా?" అని. "మిలట్రీలో తగిలిన పాత దెబ్బలేప్పా" అన్నారు. వంతెన కట్టే శిక్షణలో ఇనుప దూలం పడి, మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చిందట. గాయం మానింది. కొన్నేళ్లకు అదే చోట చీము కారడం మొదలైంది. 1998లో సర్వీసు ముగిసినప్పుడు మెడికల్ బోర్డు వైకల్యం 30 శాతమని రాసింది. కాని ఆ జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని కూడా రాసింది. మరుసటి ఏడు తిరస్కరణ ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. ఆయన దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేశారు.

ఎముకకు పట్టే ఈ చీమును డాక్టర్లు ఆస్టియోమైలిటిస్ అంటారు. ఎముక చర్మం చీల్చుకుని బయటపడినప్పుడు క్రిములు లోపలికి పోవచ్చు. శస్త్రచికిత్సలో వేసిన ప్లేటునో, రాడ్‌నో పట్టుకుని కూడా అవి ఉండిపోవచ్చు. చచ్చిపోయిన ఎముక ముక్కకు రక్తం అందదు, కాబట్టి మందూ సరిగా చేరదు. అందుకే మానినట్టు కనబడిన జబ్బు ఏళ్ల తరువాత కూడా తిరగబెట్టవచ్చు. కొత్తగా పుట్టిన జబ్బులా కనబడుతుంది గాని, వేరు పాత గాయంలోనే ఉంటుంది.

ఆ లంకెనే కాగితం మీద చూపించాలి. వైకల్య పింఛను కావాలంటే సాధారణంగా వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. అది సర్వీసు వల్ల కలిగినదై ఉండాలి, లేదా సర్వీసు వల్ల ముదిరినదై ఉండాలి. 1982 నాటి నియమాల మీద సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో స్పష్టమైన తీర్పు ఇచ్చింది. సైన్యంలో చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే, మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. సంబంధం లేదని బోర్డు అంటే కారణం రాయాలి. సందేహం ఉంటే అది సైనికుడికే అనుకూలం.

అయితే ప్రతి దెబ్బా సర్వీసు ఖాతాలోకి రాదు. సెలవులో ఉండగా స్కూటరు ప్రమాదంలో గాయపడిన జుఝార్ సింగ్‌కు 2011లో సుప్రీంకోర్టు వైకల్య పింఛను ఇవ్వలేదు. గాయానికీ సైనిక విధికీ సంబంధం ఉండాలని చెప్పింది. అందుకే మూడు కాగితాలు ముఖ్యం. మొదటిది, దెబ్బ తగిలినప్పుడు యూనిట్‌లో రాసిన గాయం నివేదిక. దాని ఫారం పేరు ఐ.ఎ.ఎఫ్.వై. 2006. రెండోది, సైనిక ఆసుపత్రి చికిత్స పత్రాలు. మూడోది, ఇప్పటి చీము పాత విరుగుడు చోటనే ఉందని, దానివల్లనే వచ్చిందని ఎముకల డాక్టరు కారణాలతో రాసిన అభిప్రాయం. మొదటి రెండూ ఇంట్లో లేకపోతే రికార్డు ఆఫీసుకు రాసి అడగాలి.

మా పెద్దమనిషి గాయం నివేదిక అలాగే దొరికింది. 2012లో సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లారు. కర్ణాటక వారికి దాని బెంచి కొచ్చిలో, ఆంధ్ర, తెలంగాణల వారికి చెన్నైలో ఉంది. చివరకు వైకల్య పింఛను వచ్చింది. కాని బకాయి మూడేళ్లకే వచ్చింది. ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలు మూడేళ్లకు పరిమితమని 2008లోనే తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1998 నుంచి 2009 దాకా పదకొండేళ్ల సొమ్ము పోయింది. ఆ ఏళ్లలోనే ఆయన కూతురు ఫీజు కట్టలేక పి.యు.సి.తో చదువు ఆపేసింది. ఆ లెక్క ఏ లెడ్జరులోనూ సరిపెట్టలేం.

విద్యార్థులకు ఇంకొక మాట. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఉంది. 2019-20 నుంచి నెలకు బాలికలకు 3,000, బాలురకు 2,500 రూపాయలు ఇస్తున్నారు. సర్వీసు వల్ల వైకల్యం కలిగినవారి పిల్లలకు, ఆ కారణం మీద, సాధారణ మాజీ సైనికుల పిల్లలకన్నా ముందు వరుస ఉంది. తండ్రి కాగితంలో ఉన్న ఆ ఒక్క మాట బిడ్డ చదువు దాకా వస్తుంది.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. కాబట్టి ముందుగా సర్వీసు వదిలిన తేదీ చూసుకోండి. తరువాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

పిల్లలూ, ఈ రోజు ఇంటికి వెళ్లాక నాన్నదో, తాతదో ఆ పెట్టె తెరవండి. ఇంగ్లీషు ఉత్తరం ఉంటే చదివి, తెలుగులో వారికి వివరించండి. తిరస్కరణ ఉత్తరంలో అప్పీలు గడువు ఎంతో చూడండి. రెండు జెరాక్సులు తీసి, అసలు జాగ్రత్త చేయండి. నేను కౌంటరు ఇవతల కూర్చుని ఆలస్యంగా అడిగిన ప్రశ్నను మీరు ఈ రాత్రే అడగండి.