రౌటర్ల జంట అమరిక: తుపాను జిల్లాలో నెట్‌వర్క్ నిలకడ

కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ బయటికి పంపవలసిన సమాచారాన్ని ముందుగా గేట్‌వే అనే ఒకే చిరునామాకు అప్పగిస్తాయి కనుక, ఆ చిరునామా గల రౌటర్ ఆగిపోతే మిగిలిన పరికరాలన్నీ సక్రమంగా ఉన్నా సంస్థకు బయటి సంబంధం తెగిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి రెండు రౌటర్లను జంటగా నిలిపి, వాటికి ఒక ఉమ్మడి చిరునామాను కేటాయించే పద్ధతి 1990లలో రూపుదిద్దుకుంది. సిస్కో సంస్థ సొంతంగా రూపొందించిన హెచ్ఎస్ఆర్‌పీ, ఏ తయారీదారైనా పాటించగల ప్రమాణంగా 1998లో వెలువడిన వీఆర్ఆర్‌పీ ఇందులో ప్రధానమైనవి.

వీఆర్ఆర్‌పీలో ప్రతి రౌటర్‌కూ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. పెద్ద సంఖ్య గలది ప్రధాన రౌటరుగా ఉండి, తన ఉనికిని సాధారణంగా సెకనుకొకసారి ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలు ఆగిపోతే, ప్రాధాన్యం 100గా ఉన్న సహాయక రౌటర్ సుమారు 3.6 సెకన్లు చూసి బాధ్యతను స్వీకరిస్తుంది. ఉమ్మడి ఐపీ చిరునామాతో పాటు దానికి జతపడిన మ్యాక్ చిరునామా, అంటే పరికరాన్ని గుర్తించే సంఖ్య కూడా, ఆ రౌటరుకే సంక్రమిస్తుంది కనుక కంప్యూటర్లలో ఏ మార్పూ చేయనక్కరలేదు.

అయితే ప్రధాన రౌటర్ బాగానే ఉండి, దాని బయటి కేబుల్ మాత్రమే తెగినప్పుడు లోపలి ప్రకటనలు యథావిధిగా సాగుతూనే ఉంటాయి. అందుచేత బయటి మార్గాన్ని గమనిస్తూ, అది తెగిన వెంటనే ప్రాధాన్యాన్ని తగ్గించే ట్రాకింగ్ ఏర్పాటు తప్పనిసరి. ప్రధాన రౌటరుకు 120, సహాయకానికి 100 ఇచ్చి, తగ్గింపును 10గా పెడితే మిగిలేది 110 కనుక బాధ్యత మారదు. 30 తగ్గిస్తే మిగిలేది 90 కనుక మారుతుంది. కోలుకున్న రౌటర్ తిరిగి పెత్తనం తీసుకోవడాన్ని ప్రీఎంప్షన్ అంటారు. గాలికి కేబుల్ తెగుతూ అతుకుతూ ఉండే వేళ బాధ్యత అటూ ఇటూ ఊగిసలాడకుండా దానికి కొంత జాప్యం విధించాలి.

శ్రీకాకుళం జిల్లాకు ఈ వివరాలు పుస్తక విషయాలు కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి విద్యుత్ స్తంభాలను పెద్ద ఎత్తున కూల్చివేసింది. రాష్ట్ర ఫైబర్‌నెట్ కేబుళ్లు అధికభాగం ఆ స్తంభాల మీదుగానే సాగుతాయి. ఉదాహరణకు పాతపట్నంలోని ఒక కార్యాలయంలో రెండు రౌటర్లున్నా, రెండు కేబుళ్లూ టెక్కలి వైపు ఒకే స్తంభాల వరుసను పట్టుకొని పోతే, రెండూ ఒకే బ్యాటరీపై నడిస్తే, అక్కడ ఉన్నది జంట కాదు, ఒకే బలహీనతకు రెండు పెట్టెలు మాత్రమే. కాబట్టి రెండో మార్గం భూగర్భ కేబులో, మొబైల్ నెట్‌వర్కో కావాలి. రెండో రౌటరుకు వేరే విద్యుత్ ఆధారం ఉండాలి.

ఏర్పాటు చేసిన జంటను పరీక్షించకుండా నమ్మరాదు. ఏటా అక్టోబరు రాకముందే, పని తక్కువగా ఉన్న వేళ ప్రధాన రౌటర్ కేబులును ఒకసారి, దాని విద్యుత్తును మరొకసారి తొలగించి, సేవ ఎంతసేపు ఆగిందో నమోదు చేయడాన్ని ఈ ప్రాంతపు ప్రతి కార్యాలయమూ, బ్యాంకూ, ఆసుపత్రీ నియమంగా పెట్టుకోవాలి.