సత్యభామ, మధురవాణి: స్థానం వారి హాస్యము



నాటకములో హాస్యము అనగానే మనకు ముందుగా హాస్యగాడు జ్ఞప్తికి వస్తాడు. పద్యనాటకములు ఊరూరా తెల్లవార్లూ సాగిన రోజులలో ఆ పనికి ఒక నటుడు వేరుగా ఉండేవాడు. చింతామణి నాటకములో సుబ్బిశెట్టి రంగము మీదికి రాగానే పందిరిలో కునికిపాట్లు పడేవారు కూడ లేచి కూర్చునేవారు. నాయికకు పద్యమూ కన్నీరూ, హాస్యగానికి నవ్వు: ఆనాటి పంపకము ఇది. ఈ పంపకమును దాటిన ఒక నటుని గూర్చి నేడు ముచ్చటింప దలచినాము. ఆయన హాస్యగాడు కాడు. నాయిక వేషము వేసిన పురుషుడు. ఆయనే స్థానం నరసింహారావుగారు.

స్థానం వారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించినారు. 1920లో ఆ ఊరిలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసిన రోజున చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు ఆయన చీర కట్టినారు. ఒక్క రాత్రి కొరకు కట్టిన చీర సుమారు నలుబది సంవత్సరముల వృత్తికి నాంది అయినది. తరువాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరినారు. చిత్రాంగి, చింతామణి, దేవదేవి, రోషనార వంటి పాత్రలతో పేరు పొందినారు. మహారాష్ట్ర రంగస్థలములో బాలగంధర్వులకు ఉన్న స్థానమును తలచి, మనవారు ఈయనను ఆంధ్ర బాలగంధర్వ అని పిలుచుకొన్నారు. 1938లో రంగూను తెలుగువారు బంగారు కిరీటము బహూకరించినారు. 1956లో పద్మశ్రీ లభించినది. 1971 ఫిబ్రవరి 21న ఆయన కన్ను మూసినారు.

ఆ కాలమున నాటక సమాజములలో స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. కుటుంబములే నాటక సమాజములైన సురభి వారిది వేరు దారి. అక్కడ ఇంటి ఆడవారే వేషములు కట్టినారు. తక్కినచోట్ల మీసము తీసిన మగవాడే ద్రౌపది, మగవాడే సావిత్రి. ఇందులో ఒక ప్రమాదము ఉన్నది. మగవాడు చీర కట్టి నాలుగడుగులు వయ్యారముగా నడిచితే చాలు, జనము నవ్వుతారు. ఆ నవ్వు చౌకగా దొరుకుతుంది. కాని అది పాత్రను చూచి నవ్విన నవ్వు కాదు. ఆడుదాని నడకను, మాటను, అలుకను వెక్కిరించిన నవ్వు. స్త్రీ వేషధారికి ఆ నవ్వు ఎల్లప్పుడూ చేతికి అందుబాటులోనే ఉంటుంది. స్థానం వారి గొప్పతనము అంతా ఆ నవ్వును ముట్టుకొనక పోవుటలో ఉన్నదని మా అభిప్రాయము.

ఇందుకు రెండు పాత్రలను ఉదాహరణగా తీసుకొందము. మొదటిది ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారములో సత్యభామ. కథ మీకందరకు తెలిసినదే. కృష్ణుడు తన కొంగున ముడివడి ఉన్నాడని ఆమె నమ్మకము. నారదుడు వచ్చి, భర్తను దానమిచ్చి, ఎత్తు బంగారము తూచి తిరిగి తీసుకొనవచ్చునని వ్రతము ఉపదేశిస్తాడు. ఇంటనున్న సొమ్మంతా త్రాసులో పెట్టినా ముల్లు కదలదు. చివరకు రుక్మిణీదేవి ఉంచిన తులసీదళము ఆ పని చేస్తుంది.

ప్రేక్షకుడు పందిరిలో కూర్చునక ముందే ఈ ముగింపు ఎరుగును. సత్యభామ ఎరుగదు. అందుచేత తొలి రంగములలో ఆమె పలికే ప్రతి గర్వపు మాటా మనకు నవ్వు తెప్పిస్తుంది. అయితే తాను నవ్వులపాలు అవుతున్నానని సత్యభామకు తెలియరాదు. తెలిసినట్లు నటుడు ఒక్కమారు కనుసైగ చేసినాడా, ఆ నవ్వు అక్కడనే చచ్చినది. ఆమె గర్వమును నటుడు నిజముగా నమ్మవలె. అప్పుడే చివర ఒంటిమీది నగలు ఒక్కొక్కటే ఊడదీసి త్రాసులో వేసేటప్పుడు, నవ్విన జనమే జాలిపడి ఊరకుంటారు.

ఈ నాటకములో సత్యభామ పాడే ‘మీరజాలగలడా’ అనే పాటను స్థానం వారే రచించుకొన్నారు. ఇది గమనింప దగిన సంగతి. ఆనాటి నటులలో చాలమంది పాట రాగానే పాత్రను పక్కకు పెట్టి, హార్మోనియముతో పోటీపడి రాగము సాగదీసేవారు. జనము ‘వన్సుమోరు’ అనగానే చచ్చిపడిన వీరుడు కూడ లేచి పద్యము మరల అందుకొనిన సందర్భములు లేకపోలేదు. స్థానం వారు సంగీత పాండిత్యము చూపుటకు పాడలేదు. భర్త తన మాట దాటడన్న ధీమా, ఆ ధీమా అడుగున కదిలే చిన్న భయము, చెలికత్తెల ముందు చూపే గొప్ప — ఇన్ని భావములను ఒక్క పల్లవిలో పలికించుటకు పాడినారు. అందుచేతనే ఆ పాట రంగస్థలముతో ఆగిపోలేదు. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రములో సత్యభామగా జమున నటింపగా పి. సుశీల ఆ పాట పాడినారు. స్త్రీ కొరకు పురుషుడు వ్రాసి పాడిన పాట చివరకు స్త్రీ కంఠమును చేరినది.

రెండవ పాత్ర గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో మధురవాణి. ఈ నాటకమును మొదట 1892లో విజయనగరములో ప్రదర్శించినారు. 1897లో అచ్చయినది. 1909 నాటి రెండవ కూర్పులో చాల పెరిగినది. పద్యనాటక నటునికి ఇది కఠిన పరీక్ష. ఇక్కడ రాగాలాపనకు తావు తక్కువ. నడిపించేది వాడుక మాట. వాడుక మాటకు హార్మోనియము సాయము రాదు.

సత్యభామకు తన చుట్టూ జరుగుతున్నది తెలియదు. మధురవాణికి తెలియనిది లేదు. గిరీశము కోతలను, రామప్పంతులు దర్పమును ఆమె ఒక్క చూపులో తూచివేస్తుంది. సత్యభామను చూచి లోకము నవ్వుతుంది. మధురవాణి లోకమును చూచి నవ్వుతుంది. నవ్వునకు ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు. రెండు ఒడ్డుల మీదనూ నిలిచి మెప్పు పొందిన నటుడు ఒక్కడే కావడము మనము ఆలోచింపవలసిన విషయము.

కన్యాశుల్కములో వేషము మీద వేషము ఒక చమత్కారము. మేనకోడలి పెండ్లి తప్పించుటకు కరటకశాస్త్రి తన శిష్యునికే ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెడతాడు. చివరకు మధురవాణి మగవేషములో సౌజన్యారావు పంతులుగారి వద్దకు వెళ్లుతుంది. పురుషుడు మధురవాణి వేషము కట్టిన నాటకములో ఈ ఘట్టము వచ్చినదనుకొనండి. మగవాడు ఆడుదై, ఆ ఆడుది మగవాడై కనబడవలె. లోపల ఉన్న మగవాడు ఏమాత్రము బయటపడినా అది వెకిలి అయిపోతుంది. లోపల ఉన్న మధురవాణి కనబడితేనే అది నాటకము. ఆ వేషమునకు ఎంత నిగ్రహము కావలెనో ఈ ఒక్క ఘట్టమే చెప్పుతుంది.

ఆ నిగ్రహము స్థానం వారికి ఆహార్యముతోనే మొదలయ్యేది. పాత్రకు తగిన చీర, చీరకు తగిన కట్టు, కట్టునకు తగిన నడక. రాణివాసపు సత్యభామ కట్టు వేరు, చింతామణి కట్టు వేరు, మొగలుల ఇంటి రోషనార వస్త్రధారణ వేరు. అన్ని పాత్రలకు ఒకే వయ్యారమును అతికించినచో అది స్త్రీని చూపినట్లు కాదు, స్త్రీలను గూర్చి మగవారికి ఉన్న ఒక్క ఊహను చూపినట్లు. ఆయన ఆ భేదమును పాటించినారు.

పురుషులు స్త్రీ పాత్రలు ధరించే పద్ధతి తరువాతి కాలమున సన్నగిల్లినది. 1955 నాటి కన్యాశుల్కము చలనచిత్రములో మధురవాణిగా సావిత్రి నటించినారు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించుట న్యాయము. దానికి విచారింప నక్కరలేదు. అయితే ఆ పద్ధతితోపాటు ఒక పాఠము పోరాదు. తనది కాని బ్రతుకును నటుడు భుజాన వేసుకొన్నప్పుడు దానిని ఎంత మర్యాదగా మోయవలెనో ఆ పాఠము చెప్పుతుంది.

రేడియో నాటకములు తయారుచేసే మాకు ఈ పాఠము దినదినము అవసరమే. మాకు చీర లేదు, నడక లేదు, కనుసైగ లేదు. ఉన్నది గొంతు ఒక్కటే. గయ్యాళి అత్తగారో, పల్లెటూరి అమాయకుడో వచ్చే నాటికలో గొంతు కొంచెము వంకర చేస్తే నవ్వు వెంటనే వస్తుంది. అప్పుడు మాలో మేము ఒక ప్రశ్న వేసుకొంటాము: ఈ నవ్వు పాత్రలోనుండి వచ్చినదా, ఆ పాత్ర వంటి మనుష్యులను చులకన చేసినందున వచ్చినదా? మొదటిదయితే ఉంచుతాము. రెండవదయితే, ఎంత బాగున్నా, తీసివేయవలెను.

ఈసారి మీ ఇంటి రేడియోలో సత్యభామ పాట వినవచ్చినప్పుడు, అది తన పాత్రను ఎన్నడూ వెక్కిరింపని ఒక నటుడు వ్రాసుకొన్న పాట అని ఒక్క క్షణము తలచుకొనండి.