మన్యం వీరుల బొమ్మలకు ఏ రంగు వేద్దాం?

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని హాస్టల్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మార్కుల గురించి, సీట్ల గురించి ఏటా చెబుతూనే ఉన్నాం. ఈసారి బొమ్మల గురించి చెబుతాం. అదిగో, గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి చూడండి. వేలెడంత సైనికులు, జానెడు ఎత్తున తల, భుజాల వరకే ఉన్న వీరుల విగ్రహాలు. అన్నీ మా పిల్లలు చేసి రంగులు వేసినవే.

ఇలాంటి సైనికుల బొమ్మలకు రంగులు వేయడం చాలా దేశాల్లో పెద్దవాళ్లు కూడా ఇష్టంగా చేసే పని. ఇంగ్లండులో 1893లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసం సైనికులను పోతపోసి అమ్మింది. ఆ బొమ్మల ఎత్తు 54 మిల్లీమీటర్లు, అంటే మనిషి ఎత్తులో సుమారు 32వ వంతు. ఆ కొలత ఇవాళ్టికీ వాడుకలో ఉంది. సీసం ఒంటికి మంచిది కాదు కాబట్టి మేం దాని జోలికి పోలేదు. సన్నని తీగ వంచి, దాని మీద ఎం-సీల్ ముద్ద పెట్టి సైనికులను చేశాం. విగ్రహాలకు పుట్టమన్ను జల్లించి, పగుళ్లు రాకుండా కాస్త దూది కలిపి పిసికాం.

రంగు వేయడానికి ఓపిక కావాలి. ముందు ప్రైమర్ వేయాలి. అది ఆరాక రంగును నీళ్లతో పల్చన చేసి రెండు మూడు పూతలు వేయాలి. ఒకేసారి చిక్కగా వేస్తే కనురెప్పలూ పెదవి గీతా పూడిపోతాయి. పల్లాల్లో ముదురు రంగు, మిట్టల మీద లేత రంగు పెడితే ముఖానికి ప్రాణం వస్తుంది.

పిల్లలు ఎంచుకున్న ఘట్టం మనందరికీ తెలిసిందే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు తీసుకుపోయారు. ఆ పోరాటాన్ని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. అడవి చట్టాలతో పోడు ఆపించి, రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా జనం చేత చాకిరీ చేయిస్తే తిరగబడక ఏం చేస్తారు?

పోలీసుల బొమ్మలు ఇట్టే అయిపోయాయి. ఖాకీ అంటే దుమ్ము రంగు. ఎల్లో ఓకర్‌లో కాస్త బర్న్‌ట్ అంబర్, చుక్క తెలుపు కలిపితే వచ్చేస్తుంది. బెల్టు ఎలా ఉండాలి, పట్టీలు ఎలా చుట్టాలి అంటే ఆ కాలపు సైనికుల ఫోటోలు కావలసినన్ని దొరికాయి.

తర్వాత తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు గాం గంటందొర విగ్రహానికి రంగు వేశాడు. 'చర్మం రంగు' అని రాసి ఉన్న సీసా మూత తీసి ముఖమంతా పూశాడు. లేత గులాబీ రంగు. పైన పట్టంచు పంచె, నుదుట బొట్టు, సినిమాలో రాజుగారిలా ఉంది. మేం చూసి "భలే ఉందిరా" అన్నాం. దాన్ని ముందు వరసలో పెట్టింది కూడా మేమే.

మా హాస్టల్లో వంట చేసే అక్క వాళ్ల అమ్మ ఆ రోజు వచ్చింది. బొమ్మను చాలాసేపు చూసింది. "ఈ బాబు ఎవరమ్మా? పట్నం నుంచి వచ్చిన ఆఫీసరా?" అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. వేసినవాడు నవ్వలేదు.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక మా దగ్గరికి వచ్చి, "మేడమ్, నల్లగా వేస్తే వీరుడిలా ఉండడేమో అనుకున్నాను" అన్నాడు.

ఆ మాట వాడికి ఎవరు నేర్పారు? సినిమాలు, క్యాలెండర్లు అని తప్పించుకోవచ్చు. కానీ గ్రూపు ఫోటో రోజున "పౌడర్ రాసుకుని రండర్రా, ముఖాలు కనబడాలి" అనేది ఎవరు? మేమే. ఇరవై ఏళ్లుగా అంటున్నాం. టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లం, మీలో పుట్టినవాళ్లం, ఆ మాటలో ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు.

మర్నాడు ఆ సీసా పక్కన పెట్టేశాం. బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, కాస్త ఎల్లో ఓకర్ పళ్లెంలో కలిపాం. పిల్లలు చుక్క చుక్క మణికట్టు మీద పెట్టుకుని, తమ చర్మంతో కలిసిపోయేదాకా మార్చుకున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు వచ్చింది. నీడకు నలుపు వాడితే మసి పూసినట్టుంటుంది కాబట్టి చిటికెడు నీలం కలిపాం. వెలుగుకు తెలుపు వాడితే బూడిద పట్టినట్టుంటుంది. అందుకని ఓకరే ఇంకాస్త కలిపాం. ముదురు చర్మం మీద వెలుగు పడితే ఎంత అందమో ఆ రోజు మా చేతులతో తెలుసుకున్నాం.

బట్టల కోసం ఆ ముసలమ్మనే కూర్చోబెట్టి అడిగాం. వాళ్ల తాత గోచీ ఎలా బిగించేవాడో, దుప్పటి ఏ భుజం మీద వేసేవాడో, కత్తి నడుముకి ఎక్కడ దోపేవాడో లేచి నిలబడి చూపించింది. పిల్లలు బొమ్మలు గీసుకున్నారు. పోలీసు బెల్టుకు ఫోటో దొరికింది. మన గోచీకట్టుకు ఆవిడ జ్ఞాపకమే ఆధారమైంది. ఆవిడ వయసు ఎనభై దాటింది. అర్థమైందా, మేం ఎందుకు తొందరపడుతున్నామో?

యువకులారా, మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాం. సీతారామరాజు విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఉండాలి కూడా. ఆయన పక్కన నిలబడినవాళ్లకూ ముఖాలు ఇద్దాం. 1924 మే 7న రాజు చనిపోయాక కూడా పోరాడి నేలకొరిగినవాడు గంటందొర. జైలు జీవితం గడిపి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికైనవాడు మల్లుదొర. పేరు తెలిసినవారు వీరైతే, పేరు లేకుండా విల్లు పట్టినవారు ఎందరో.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి. విన్నది రాసుకోండి. ఒక బొమ్మ చేయండి. పీట అడుగున వీరుడి పేరు, ఊరు, ఆ బట్టకట్టు మీకు చూపించిన పెద్దల పేరు రాయండి. రంగు కలిపేటప్పుడు సీసా మీది పేరు చూడొద్దు. మీ చెయ్యి చూసుకోండి.

గంటందొర కొత్త విగ్రహం బల్ల మీద మధ్యలో ఉంది. పాతది కూడా దాని వెనకే ఉంచాం, దాచలేదు. రెండూ చూసి వెళ్లండి.

మన్యం వీరులకు జోహార్లు. జై ఆదివాసీ.