చెరువు కట్ట క్రింది బ్రతుకు: నాడు, నేడు
(సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల సంగతులు చెప్పుటకు మనలో పెద్దలు అనేకులున్నారు. మేము మాత్రము ఎనిమిది వందల యేండ్ల వెనుకకు పోదలచితిమి. ఓరుగల్లు వారమైన మనకు కాకతీయులనగానే కోట, తోరణములు, వేయి స్తంభముల గుడి తలపునకు వచ్చును. రాజుల సంగతి బడిలోనే చదివితిమి. ఆ కాలమున తెల్లవారుజామున లేచి పనికి పోయినవాని సంగతి యేమి? అదియే నేటి మా మాట.

పాకాల చెరువు మీరందరు చూచియే యుందురు. గణపతిదేవుని కాలమున జగదాళ ముమ్మడి దానిని కట్టించెనని శాసనము చెప్పుచున్నది. పాలంపేటలో రామప్ప గుడిని 1213లో నిలిపిన రేచర్ల రుద్రుడే అచ్చటి చెరువునకును కర్త. గుట్టకును గుట్టకును నడుమ కట్ట వేసి వాగు నీరు నిలిపిరి. అప్పుడు ప్రొక్లెయిన్ లేదు, టిప్పరు లేదు. పలుగు, పార, తట్ట, ఎద్దు, మనుష్యుని భుజము, ఇంతే. ఎన్ని వేల తట్టల మన్ను ఎవరి నెత్తిమీద పోయెనో! త్రవ్వించినవాని పేరు రాతిమీద నిలిచినది. త్రవ్వినవాని పేరు ఎచ్చటను లేదు. ఆ లేని పేర్లలో మన పెద్దలవి ఎన్నో యుండునని మా నమ్మకము.

చెరువు కట్టించి కాపాడినవానికి దశబంధమని పంటలో పదవ వంతుగాని మాన్యపు భూమిగాని దక్కెడిది. అందువలన కట్ట తెగకుండ చూచుట వానికి లాభమే. ఇది తెలివైన ఏర్పాటని ఒప్పుకొనవలెను. ఊరిలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి మొదలైనవారికి జీతము నాణెములలో లేదు. కళ్లము వద్ద ధాన్యపు కొలతయే జీతము. పంట పండిన యేడు అందరికి కూడు, ఎండిన యేడు అందరికి పస్తు. పశువుల మేతకు పుల్లరి, మగ్గమునకు పన్ను. వీటికి తోడు వెట్టి. పూర్వకాలమే మేలని పలుకువారు ఈ వెట్టి మాట వచ్చునప్పటికి ఊరకుందురు. మన తెలంగాణములో అది నిజాము దినముల వరకును సాగినది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది 1976లో మాత్రమే.

పట్టణపు బ్రతుకు వేరు. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామములో పూటకూళ్ల ఇండ్లున్నవి. ఒక రూకకు కమ్మని భోజనము దొరికెడిదట. నేటి మన హోటలు వారు వినిన నవ్వుదురు! మోటుపల్లి రేవున ఓడ వర్తకులకు గణపతిదేవుడు 1244లో అభయశాసనమిచ్చెను. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనము, 1261 నాటిది, ప్రసూతిశాలను కూడ పేర్కొనుచున్నది. అయినను అది ఒక చోట నున్నది; తక్కిన ఊళ్లలో తల్లికి మంత్రసాని చేతులే దిక్కు. నేడు 108 వాహనమునకు కబురు చేసినచో వచ్చుచున్నది. దీనిని చిన్న సంగతిగా ఎంచకుడి.

అయితే ఒక పని నేడు మనము పోగొట్టుకొనుచున్నాము. అది నీరటి పని. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ మడికి ఎంత నీరు పోవలెనో, మత్తడి ఎప్పుడు దూకునో నీరటివానికి తెలియును. అనేక గ్రామములలో వారు మన వాడల వారే. ఊరు వారిని దూరముగా నుంచినది గాని, ఊరి అన్నము వారి చేతిలోనే యున్నది. తరువాత బోరుబావులు వచ్చినవి. ఎవరి పొలములో వారి నీరు, ఎవరి అప్పు వారిది. 1997–98లో మన జిల్లా పత్తి రైతులు అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొనిరి. చెరువు వైపు చూచువారు తగ్గగా శిఖము భూములలో ఇండ్లు లేచినవి. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను హనుమకొండ, వరంగల్ కాలనీలలోనికి నీరు వచ్చినప్పుడు, నీరు తన పాత త్రోవనే వెదకికొనినదని మాకు తోచెను. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీసిరి, మంచిదే. కాని పూడిక తీయుట యంత్రము చేయును, తూము కనిపెట్టియుండుట మనుష్యుడే చేయవలెను.

ఇంకొక్క మాట. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద మన స్త్రీలు అనేకులు చెరువులలో మన్ను ఎత్తిరి. కూలి ఆలస్యమగుట, ఎండ, కొలతల తగవులు మేమెరుగుదుము. అయినను మస్టరులో వారి పేరు వ్రాయబడెను, పురుషుని పేరు ప్రక్కనే స్త్రీ పేరును. ముమ్మడి శాసనములో లేనిది ఆ కాగితములో నున్నది.

మన గ్రామ సంఘములలో నీరటి పని చేసిన వృద్ధులు ఇంకను కొందరున్నారు. యౌవనులు ఈ వేసవిలో వారియొద్దకు పోయి, ఏ చెరువు, ఏ తూము, తండ్రి పేరేమి, తాత పేరేమి అని అడిగి, ఒక నోటు పుస్తకములో వ్రాసి తెండి. దానిని సంఘపు రిజిస్టరుతో కలిపి భద్రపరచెదము.