సాలగ్రామ క్షేత్రానికి కాలినడక
(ఆలయ జీర్ణోద్ధారణ, మహాసంప్రోక్షణ మహోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఆగమాన్ని గురించి, శిల్పాన్ని గురించి విజ్ఞులు మాట్లాడిన తరువాత నన్ను హిమాలయ యాత్రను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంప్రోక్షణ సభలో నడక ముచ్చట్లకు చోటెక్కడిదని కొందరికి తోచవచ్చు. సంబంధం ఉన్నది. పనులు జరిగినన్నాళ్లూ స్వామివారు బాలాలయంలో ఉన్నారు. పాత అష్టబంధనాన్ని తీసి కొత్తది వేశారు. హోమాలు జరిపి, కలశంలోని శక్తిని మరల మూలమూర్తిలోకి ఆవాహన చేశారు. మనుష్యుడు మలచిన మూర్తికి ప్రతిష్ఠ కావాలి. ఆలయం జీర్ణమైతే ఉద్ధారణ కావాలి. అయితే స్వామివారి పాదాల చెంత, పళ్లెంలో, తులసిదళాల కింద ఒదిగి ఉన్న ఆ నల్లని గుండ్రాళ్లకు ఈ తంతు ఏదీ అక్కరలేదు. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ లేదు. అది పగిలినా పూజార్హత కోల్పోదని మన పెద్దల నిర్ణయం. ఆ శిలలు పుట్టిన చోటికి నడిచి వెళ్లే దారిని గురించే నేను చెప్పదలచుకున్నాను.

ఆ చోటు నేపాల్‌లోని ముస్తాంగ్ జిల్లాలో ఉన్నది. కాళీగండకీ నది లోయ వెంట పైకి వెళ్లగా, సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ముక్తినాథ్ ఆలయం కనబడుతుంది. నూట ఎనిమిది దివ్యదేశాలలో నూట అయిదు భారతదేశంలో ఉన్నాయి. రెండు ఈ భూమి మీదివి కావు. మిగిలిన ఒక్కటి ఈ సాలగ్రామ క్షేత్రం. మన తెలుగునేలకు దక్కినవి తిరుమల, అహోబిలం. అహోబిల నారసింహుని కీర్తించిన తిరుమంగై ఆళ్వారే ఈ సాలగ్రామ క్షేత్రాన్నీ కీర్తించారు. భాగవతంలోని భరతమహారాజు రాజ్యం విడిచి తపస్సు చేసుకున్న పులహాశ్రమం ఈ నదీతీరానిదే. లేడిపిల్ల మీద మమకారం పెంచుకొని, మరుజన్మలో లేడియై పుట్టిన ఆయన కథ మనకు తెలిసిందే. తెలుగు భాగవతంలో ఆ పంచమ స్కంధాన్ని పూరించినది పోతన కాదు, గంగన. ఈ సంగతిని మనం తరచు మరచిపోతూ ఉంటాము.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన సంప్రదాయం ‘సాలగ్రామం’ అన్నప్పుడు ఒక గుడిని మాత్రమే చెప్పలేదు. నదినీ లోయనూ కలిపి క్షేత్రమన్నది. పోఖరాలో తెల్లవారుజామున జీపెక్కి, సాయంత్రానికి గుడి దిగువకు చేరి, మరునాటి ఉదయం దర్శనం ముగించుకొని తిరిగివచ్చేవారు క్షేత్రంలో చాలాభాగాన్ని కిటికీ అద్దంలోంచి చూచి వస్తున్నారు. నా మాట కొంత కటువుగా ఉన్నదేమో! కాని ఎనిమిది తొమ్మిది రోజులు నడిచి వెళ్లినవానికి అలాగే తోస్తుంది.

ఆ నడక కొండలెక్కే వీరులకు మాత్రమే పరిమితమైనది కాదు. తాళ్లు, మంచుగొడ్డళ్లు అవసరం లేదు. రోజుకు అయిదారు గంటలు నడవగలిగి, మోకాళ్లు సహకరిస్తే చాలు. డేరాలు, వంటసామాను మోయనక్కరలేదు. దారి పొడవునా గ్రామాలున్నాయి. గ్రామం గ్రామంలో టీ హౌసులున్నాయి. ఆ ఇంగ్లీషు పేరు చూచి అక్కడ తేనీరు మాత్రమే దొరుకుతుందని భావించవద్దు. అవి అచ్చంగా మన పూర్వపు పూటకూళ్ల ఇళ్లు. పూర్వం ఆ లోయలో టిబెట్ ఉప్పు దక్షిణానికి, పల్లపు ధాన్యం ఉత్తరానికి కంచరగాడిదల మీద సాగేవి. ఆ వర్తకాన్ని నడిపిన థకాలీ కుటుంబాలు బాటసారులకు భోజనం పెట్టేవి. భోజనానికి డబ్బు ఇస్తే పడకకు వేరే ఇవ్వనక్కరలేదన్నది పాత పద్ధతి. మన పూటకూళ్లమ్మ అరుగు మీద నిద్రపోయిన బాటసారి లెక్కా ఇదే కదా! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చేసిన కాశీయాత్రను గ్రంథస్థం చేస్తూ, ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో రాబోయేవారి కోసం ఓపికగా వ్రాసి పెట్టారు. ఆ గ్రంథం చదివినవారికి ఈ లోయ పరాయిదనిపించదు.

భోజనం దాల్ భాత్. అన్నం, పప్పు, కూర, ఆకుకూర, ఊరగాయ. అడిగినకొద్దీ మారు వడ్డిస్తారు. ధవళగిరి నీడలో కూర్చుని వేడి అన్నంలో పప్పు కలుపుకొనే సుఖం తెలుగువానికి వేరే చెప్పాలా! ఇంటి ఇల్లాలిని ‘దీదీ’ అని పిలవాలి. ఉల్లి, వెల్లుల్లి వర్జించేవారు ముందుగానే చెబితే విడిగా వండి పెడతారు, కాకపోతే గంట ఆలస్యమవుతుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఆ గంట గడపడం కూడా యాత్రలో భాగమే.

దారి సంగతి. నయాపూల్ దగ్గర వెయ్యి మీటర్ల ఎత్తున బయలుదేరి, మోదీ ఖోలా ఏటిని దాటి ఉల్లేరి మెట్లు ఎక్కాలి. మూడు వేలకు పైగా రాతిమెట్లు. అలిపిరి నుంచి తిరుమలకు నడిచిన అలవాటున్నవారు భయపడనక్కరలేదు. ఆపైన ఘోడేపానీ, అంటే గుర్రాలు నీళ్లు తాగే చోటు. అక్కడి నుంచి తెల్లవారకముందే పూన్ హిల్ గుట్ట ఎక్కితే ధవళగిరి, అన్నపూర్ణ శిఖరాల మీద తొలి ఎండ పడటం చూడవచ్చు. చైత్రమాసంలోనైతే ఆ అడవంతా ఎర్రని లాలీగురాస్ పూలు. పిమ్మట ఒకేరోజు పదహారు వందల మీటర్లు కిందికి దిగాలి. మోకాళ్లకు అసలు పరీక్ష అదే. దిగినచోట తాతోపానీ. పేరుకు తగినట్లు వేడినీటి బుగ్గలున్నాయి. అక్కడే కాళీగండకి మొదటిసారి మనతో కలుస్తుంది. ఇక చివరిదాకా తోడు విడవదు.

అటుపైన ఘాసా, కాలోపానీ. ఒకవైపు 8,167 మీటర్ల ధవళగిరి, మరొకవైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ; నడుమ నది. ఆ నది హిమాలయం కంటె పాతదని భూశాస్త్రజ్ఞులంటారు. కొండ లేస్తున్నకొద్దీ నది దానిని కోసుకుంటూ తన దారి తాను నిలుపుకొన్నది. అందువల్లనే ఎనిమిది వేల మీటర్ల శిఖరాల నడుమ నడుస్తున్నా మనం రెండున్నర వేల మీటర్లు దాటము. ఈ వాక్యం కాగితం మీద చదివితే ఏమీ అనిపించదు. అక్కడ నిలబడి తల పైకెత్తినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

తుకుచే, మార్ఫా గ్రామాలు వచ్చేసరికి లోకం మారిపోతుంది. పచ్చని అడవి పోయి బూడిదరంగు కొండలు, విశాలమైన రాతినేల, సున్నం కొట్టిన ఇళ్లు, ఆపిల్ తోటలు. వానలు కొండల అవతలనే ఆగిపోతాయి. పొద్దెక్కినకొద్దీ దక్షిణం నుంచి గాలి లేస్తుంది. మధ్యాహ్నానికి ఇసుక ముఖాన కొడుతుంది. జోమ్‌సోమ్‌కు విమానాలు ఉదయం పూటే తిరగడానికి ఈ గాలే కారణం. నడిచేవారూ తెల్లవారగానే బయలుదేరి మధ్యాహ్నంలోపు మజిలీ చేరుకోవాలి.

ఈ నదీగర్భంలోనే సాలగ్రామాలు. సుమారు పదిహేను కోట్ల సంవత్సరాల నాడు ఇక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. అందులో చుట్టలు తిరిగిన గుల్లలుగల అమ్మోనైట్ జీవులు బతికేవి. చనిపోయిన గుల్లలు బురదలో కూరుకొని, బురద రాయియై, ఆ రాయిని హిమాలయం ఆకాశానికి ఎత్తింది. పైనున్న నల్లని పలకరాతిని నది కోస్తూ ఆ ఉండలను కిందికి దొర్లిస్తున్నది. లోపలి చుట్టే మన సుదర్శన చక్రం. వజ్రకీటం లోపల తొలిచి చక్రాలను ఏర్పరచిందని మన పురాణసంప్రదాయం చెబుతున్నది. రాతిలోపలి చక్రానికి ఒక ప్రాణి కారణమని గ్రహించడం వరకు రెండు మాటలూ కలుస్తున్నాయి. తులసి శాపంతో శ్రీహరి శిల అయినాడనీ, ఆమె గండకీ నది అయినదనీ కథ. క్షీరాబ్ధి ద్వాదశినాడు మన ముంగిళ్లలో తులసికోట దగ్గర జరిగే కల్యాణానికి ఈ లోయే పుట్టిల్లు.

నీళ్లలో వంగి వెదికితే ఒక పూట గడిచినా మంచి శిల దొరకకపోవచ్చు. దారిలో గుడ్డ పరచి అమ్మేవారున్నారు. చెక్కి నునుపు చేసినవి, చక్రాలు గీసినవి కూడా అందులో ఉంటాయి. కాబట్టి మెరుపు చూచి మోసపోకండి. 2023 జనవరి చివరన ఇదే నది నుంచి రెండు మహాశిలలను జనకపురం మీదుగా అయోధ్యకు తరలించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దారి పొడవునా జనం హారతులు పట్టారు. చివరకు 2024 జనవరి 22న ప్రతిష్ఠ జరిగిన బాలరాముని మూర్తిని కర్ణాటక శిలతో మలిచారు. గండకీశిలను ఉలితో తాకవచ్చునా అని ఆనాడు చర్చ జరిగింది. స్వయంవ్యక్తమైన దానిని మలచడానికి నా మనసు ఒప్పుకోదు.

కాగ్‌బేనీ దగ్గర ఝోంగ్ ఖోలా కాళీగండకిలో కలుస్తుంది. ‘బేనీ’ అంటే మన వేణి, సంగమం. పితరులకు పిండప్రదానం ఇక్కడ చేస్తారు. 2023 ఆగస్టులో ఈ ఊరిని ఆ చిన్న ఏరే ముంచెత్తింది. వానలు లేని సీమ అని నమ్ముకున్న మట్టి మిద్దెలు కూలాయి. ఇక్కడి నుంచి పది కిలోమీటర్ల పైచిలుకు ఎక్కితే, ఝార్‌కోట్ మీదుగా రాణీపౌవా. ‘పౌవా’ అంటే సత్రం. జీపులు ఇక్కడ ఆగుతాయి. మిగిలిన అరగంట ఎవరైనా నడవాలి, లేదా గుర్రమెక్కాలి.

గుడి చిన్నది, పగోడా తీరులో ఉంటుంది. వెనుక అర్ధచంద్రాకారంలో నూట ఎనిమిది గోముఖాల నుంచి మంచునీరు ధారలు కడుతుంది. ముందు రెండు కుండాలు. హిందూ అర్చకునితోపాటు బౌద్ధ సన్యాసినులూ ఇక్కడ సేవ చేస్తారు. మనకు శ్రీమన్నారాయణుడైన మూర్తి వారికి అవలోకితేశ్వరుడు. పద్మసంభవుడు టిబెట్‌కు వెళ్తూ ఇక్కడ తపస్సు చేసినాడని వారి విశ్వాసం. సమీపంలోని జ్వాలామాయి గుడిలో నీటి పారుదల మీదనే సహజవాయువు జ్వాల వెలుగుతుంది. దారిలో మంత్రాలు చెక్కిన రాతిగోడలు ఎదురైతే వాటిని మన కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలి. అది ప్రదక్షిణమే, కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు. 2006 జనవరిలో కాలచక్ర ఉత్సవానికి మన అమరావతికి హిమాలయ బౌద్ధులు వేలాదిగా దిగివచ్చినప్పుడు కృష్ణాతీరం వారిని ఆదరించింది. వారి కొండకు మనం వెళ్లినప్పుడు వారూ అలాగే ఆదరిస్తున్నారు.

ఇక రోడ్డు సంగతి. రోడ్డును నేను తిట్టను. మోకాళ్లు పోయిన తల్లులెందరో ఆ రోడ్డు వల్లనే ముక్తిధారల కింద తల తడుపుకొన్నారు. గర్భిణికి ఆసుపత్రి దగ్గరయింది, ఆపిల్ పండుకు ధర వచ్చింది. కాని రాత్రి బస చేసేవారు తగ్గి కాలోపానీ, తుకుచేలలోని పూటకూళ్ల ఇళ్లు కొన్ని బోసిపోయాయి. అంతకంటె ముఖ్యమైనది ప్రాణాల సంగతి. పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు. ఒక్క పగలులో అక్కడి నుంచి 3,700 మీటర్లకు చేరి ఆ రాత్రి అక్కడే పడుకొంటే, శరీరానికి పలుచని గాలి అలవాటు కాదు. మూడు వేల మీటర్లు దాటిన తరువాత పడుకొనే ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగరాదన్నది వైద్యుల నియమం. తలనొప్పి, వాంతి, నిద్రలేమి మొదటి హెచ్చరికలు. కూర్చున్నచోటనే ఆయాసం వచ్చినా, అడుగు తడబడినా, మాట తేడా పడినా ఒక్క క్షణం ఆగక కిందికి దించాలి. ‘దర్శనం అయినాక దిగుదాము’ అనరాదు. జీపులో వెళ్లేవారు కనీసం జోమ్‌సోమ్‌లో ఒకటి రెండు రాత్రులు, కాగ్‌బేనీలో ఒక రాత్రి ఆగి, పైకి వెళ్లి దర్శనం చేసుకొని అదేరోజు దిగివస్తే మంచిది. గుండెజబ్బున్నవారు బయలుదేరకముందే వైద్యుని అడగాలి. నూట ఎనిమిది ధారల కిందా తలపెట్టక, తీర్థం ప్రోక్షించుకొన్నా చాలును.

ఋతువు సంగతీ చెప్పాలి. ఆశ్వయుజ కార్తికాలు, లేదా ఫాల్గుణ చైత్రాలు అనువైనవి. అయినా కొండకు మన పంచాంగంతో నిమిత్తం లేదు. 2014 అక్టోబరు 12న విశాఖను ఛిన్నాభిన్నం చేసిన హుద్‌హుద్ తుపాను అంతటితో ఆగలేదు. రెండు రోజులకు అదే మేఘం నేపాల్ చేరి, ముక్తినాథ్ పైనున్న థోరోంగ్ కనుమలో, ఆ చుట్టుపక్కల హిమపాతమై కురిసింది. నలభై మందికి పైగా చనిపోయారు. కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగుతున్నవారు వారిలో ఉన్నారు. మన బంగాళాఖాతంలో పుట్టిన గాలి అంత దూరం వెళ్లింది. కాబట్టి దీదీ ‘ఈరోజు కదలవద్దు’ అంటే కదలవద్దు. ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకొనే యాత్రను ఏర్పాటు చేసుకోవాలి.

రోడ్డు వచ్చిన తరువాత నదికి అవతలి ఒడ్డున నడకదారులను వేరుగా ఏర్పరచి, ఎరుపు తెలుపు గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు పట్టుకొని వెళ్తే దుమ్ము, హారన్లు చాలావరకు తప్పుతాయి. అంత నడవలేనివారు జోమ్‌సోమ్ నుంచి కాగ్‌బేనీ దాకానైనా నదీగర్భం వెంట నడవండి. ఒక్క పూట నడక, ఎత్తు ఎక్కువగా పెరగదు. సాలగ్రామ క్షేత్రంలో పాదం మోపామనడానికి ఆ పూట చాలును. బయలుదేరదలచినవారు ప్రసాదం స్వీకరించిన తరువాత మండపం దగ్గర కలిస్తే మజిలీల వివరాలు వ్రాసి ఇస్తాను. సెలవు.