సీసా ధర మారితే మన ఇంటి లెక్క మారుతుందా?

(మండల సమాఖ్య మహాసభలో ఒక సంఘం లీడర్ ప్రసంగం)



పొదుపులు, రికవరీల గురించి పొద్దుట్నుంచీ విన్నాం. మా సంఘం తరఫున మేము మందు ధర గురించి మాట్లాడతాం. దాంతో మనకేం పని అనుకోకండి. కిస్తీ ఆగిన చాలా ఇళ్లలో ఆ డబ్బు ఎటు పోయిందో మనందరికీ తెలుసు.

ముందు ధర ఎలా తయారవుతుందో చూద్దాం. మన రాష్ట్రంలో మందు కంపెనీ నేరుగా షాపుకి అమ్మకూడదు. 1986లో పెట్టిన ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ టోకున కొని, డిపోల నుంచి షాపులకి ఇస్తుంది. కంపెనీకిచ్చే మూల ధర మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్, సెస్సులు పడతాయి. షాపు మార్జిన్ కలుస్తుంది. అన్నీ కలిపి ఎమ్మార్పీ వేస్తారు. అంటే మన ఇంట్లోంచి పోయే ప్రతి నోటులో పెద్ద భాగం పన్ను కిందే పోతోంది.

2019 అక్టోబరు 1 నుంచి షాపులు కూడా కార్పొరేషనే నడిపింది. 4,380 షాపుల్ని 3,500కి తగ్గించారు. 2020 మేలో ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం, మొత్తం 75 శాతం ధర పెంచారు. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నారు. కొందరు తగ్గించే ఉంటారు. కానీ జగ్గయ్యపేట వైపు తెలంగాణ సీసాలు దొంగతనంగా దాటాయి. ఆ జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు.

2024 అక్టోబరు 16 నుంచి 3,396 షాపులు ప్రైవేటు వాళ్లకిచ్చారు. టోకు మాత్రం కార్పొరేషన్ దగ్గరే ఉంది. 99 రూపాయలకే క్వార్టర్ సీసా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మిగతా సీసాలకి 10 రూపాయలు పెంచినా, ఆ 99 సీసానీ బీరునీ ముట్టుకోలేదు.

చవకైంది కదా, ఇంట్లో డబ్బు మిగులుతుందన్నారు. లెక్క వేయండమ్మా. రోజుకొక 99 సీసా అంటే నెలకి 2,970, ఏడాదికి 36,135 రూపాయలు. బెల్టు షాపువాడు సీసాకి ఇరవై ఎక్కువ గుంజితే నెలకి 3,570. ఊడ్పులప్పుడు నడుం విరిగేలా వంగి తెచ్చిన కూలి ఇది. చవకైన సీసా పక్కన రెండో సీసా చేరితే ఇంకేం మిగులుతుంది? ధర పెరిగినా తగ్గినా, తాగే మనిషి ఉన్న ఇంట్లో కట్టేది ఆడదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది. 1995లో మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. పైన ధరలు, చట్టాలు మారుతూనే ఉంటాయి. మన ఊళ్లో మనం చేయగలిగేవి మనమే పట్టుకోవాలి. అందుకే నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం బెల్టు షాపు వద్దని తీర్మానం రాసి, గ్రామ సభలో చదివి, ఎక్సైజ్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక్కరం వెళ్తే కక్ష కడతారు, అందరం కలిసే వెళ్దాం. రెండు, ఎమ్మార్పీ కన్నా ఎక్కువకి అమ్మితే తేదీ, ధర రాసిపెట్టి ఫిర్యాదు చేయాలి. మూడు, మన కూలి, ఉపాధి హామీ డబ్బు మన ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు మన దగ్గరే ఉండాలి. నాలుగు, తాగేవాణ్ణి తిట్టి వదిలేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పినట్టే మాన్పించాలి. వ్యసన విముక్తి సలహాకి 14446కి ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

వచ్చే నెల నుంచి సంఘం మీటింగులో పొదుపు రాసేటప్పుడు, ఇంట్లో మందుకి పోయిందెంతో ఎవరికి వాళ్లం చీటీ మీద రాసుకుందాం. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆ అంకె మన కళ్ల ముందుంటే చాలు.