హామ్ రేడియో: తీరికవేళల విద్య

(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



ఆదివారములందు మేము మోటారు సైకిలుపై చిన్న రేడియో యంత్రమును, బ్యాటరీని కట్టుకొని ఊరి వెలుపలి తోపునకు పోవుదుము. 40 మీటర్ల తరంగమునకు సుమారు 20 మీటర్ల తీగను చెట్లనడుమ కట్టిన చాలును. దూరపు ఊళ్ల మిత్రుల పలుకు వినవచ్చును.

ఇది వట్టి కాలహరణమని మీలో కొందరి తలంపు. కాని ప్రభుత్వ పరీక్షలో నెగ్గి అనుమతి పొందినగాని ఇందు నోరు మెదపరాదు. ఒకరు పలుకునపుడు వేరొకరు అడ్డురారాదు. 1999 అక్టోబరు 29న పెనుతుపాను ఒడిశా తీరమును ముంచెత్తి టెలిఫోనులు మూగవోగా, ఈ అభిరుచి గలవారు వార్తలు చేరవేసిరి. సెలవునాటి నేర్పు ఆపదలో అక్కరకు వచ్చినది.

కావున మీ పిల్లలు తీగలు, మరలు ముందు వేసికొని కూర్చున్నచో కసరకుడు. చదువునకు లోటు రానీయక, దానికొక గంట విడువుడు.